బ్రూనో చర్మానికి ఇంకో యాంటీబయాటిక్ అవసరమా?

ప్రశ్న: మా ఇంట్లో బ్రూనో అనే నాలుగేళ్ళ లాబ్రడార్ ఉన్నాడు. బరువు 32 కిలోలు. ఏడాదిన్నరగా వాడి పొట్ట మీద, చంకల్లో ఎర్రటి పొక్కులు వస్తున్నాయి. అవి గుండ్రటి మచ్చలుగా మారి, అక్కడ వెంట్రుకలు ఊడిపోతున్నాయి. పొక్కులు లేనప్పుడు కూడా పంజాలు నాకుతూనే ఉంటాడు. కుడి చెవిలోంచి ముందు గోధుమరంగు గులిమి వచ్చేది, ఇప్పుడు పసుపు పచ్చటి చీము కారుతోంది, ముట్టుకోనివ్వడు. ఇప్పటికి నాలుగుసార్లు యాంటీబయాటిక్ వాడాము. రెండుసార్లు డాక్టరుగారు రాశారు, రెండుసార్లు పాత చీటీ చూపించి మెడికల్ షాపులో తెచ్చుకున్నాము (సెఫలెక్సిన్ 250, పూటకొకటి చొప్పున రెండు పూటలా, అయిదు రోజులు). వాడినన్నాళ్ళు తగ్గి, నెల తిరక్కుండా మళ్ళీ మొదలవుతోంది. ఈసారి చర్మం మీది చీము పరీక్షకు పంపితే ‘మెథిసిల్లిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్’ అని వచ్చింది. అమికాసిన్, క్లోరాంఫెనికాల్, రిఫాంపిసిన్ తప్ప మిగిలిన మందులేవీ పనిచేయవట. అమికాసిన్ ఇంజెక్షన్లు ఇవ్వవలసి రావచ్చని డాక్టరుగారు అంటున్నారు. ఇంకా హై పవర్ మాత్ర ఏదో ఒకటి ఉండకపోదని మా వారు అంటారు. మా అత్తగారికి షుగరు, కాలికి మానని పుండు ఉంది. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. పక్కింటివాళ్ళు కుక్కను ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. మేము ఏం చేయాలి? మిగిలిపోయిన మాత్రలు చాలా ఉన్నాయి. మా గేటు దగ్గర ఉండే వీధికుక్కకు ఒళ్ళంతా గజ్జిలా ఉంది, దానికి వేయవచ్చా?
ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

సమాధానం: అమ్మా, ముందుగా పక్కింటివాళ్ళ మాటకు జవాబు చెబుతాను. చెవి తప్ప మిగతా విషయాలు రెండు మూడు వారాలు ఆగినా ఫరవాలేదు గాని, ఇది ఆగదు. బ్రూనోను ఎక్కడా వదిలేయవలసిన అవసరం లేదు. మెథిసిల్లిన్‌కు లొంగని ఈ బ్యాక్టీరియా మామూలు దానికంటే క్రూరమైనదేమీ కాదు. దాని వల్ల వచ్చే పుండు ఎక్కువ లోతుకు పోదు, ఎక్కువ వేగంగా పాకదు. మనం వేసే మాత్రకు చావకపోవడమే దానికీ మామూలుదానికీ ఉన్న తేడా. మీ ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, వాటిని కింద రాస్తాను. అవి ఏ ఇంట్లోనైనా చేయగలిగినవే.

ఇక ఆ రిపోర్టు సంగతి. స్టాఫిలోకాకస్ సూడింటర్మీడియస్ మీ ఇంటికి బయటినుంచి వచ్చిపడిన కొత్త రోగం కాదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల ముక్కులో, నోట్లో, మలద్వారం చుట్టుపక్కల కూడా అది కాపురం ఉంటుంది. 2005లో దీనిని ప్రత్యేక జాతిగా గుర్తించి ఈ పేరు పెట్టారు. అంతకు ముందు మేమందరం దీనిని స్టాఫిలోకాకస్ ఇంటర్మీడియస్ అనే రాసేవాళ్ళం. చర్మం గట్టిగా ఉన్నంతకాలం అది ఏమీ చేయదు. గోకడం వల్లనో నాకడం వల్లనో చర్మం పైపొర దెబ్బతిని తడిగా మారితే అక్కడ పెరిగి పొక్కు కడుతుంది. ఆ పొక్కు పగిలాక చుట్టూ పొట్టు లేచిన అంచుతో గుండ్రటి మచ్చ మిగులుతుంది. చూడడానికి అచ్చం తామరలా ఉంటుంది కాబట్టి ‘ఫంగస్’ అని చెప్పి నెలల తరబడి ఫంగస్ మాత్రలు వాడించిన కుక్కలను నేను చాలా చూశాను. బ్రూనోకు ఆ పని జరగలేదు, సంతోషం.

మీ రిపోర్టులో ఆక్సాసిల్లిన్ అనే పేరు ఎదురుగా ‘ఆర్’ అని ఉండి ఉంటుంది. ‘ఆర్’ అంటే ఆ మందుకు బ్యాక్టీరియా లొంగదని, ‘ఎస్’ అంటే లొంగుతుందని అర్థం. ఆక్సాసిల్లిన్‌ను మేము కుక్కలకు వాడము. మెథిసిల్లిన్‌కు బదులుగా ప్రయోగశాలవారు ఒక గుర్తు కోసం దానిని పరీక్షిస్తారు, రెండూ పెనిసిలిన్ వంశం మందులే. పెనిసిలిన్ వంశానికి చెందిన మందులన్నీ బ్యాక్టీరియా తన చుట్టూ గోడ కట్టుకోవడానికి వాడే ప్రోటీన్లకు అతుక్కుని, ఆ గోడ పూర్తికాకుండా చేసి దానిని చంపుతాయి. మెక్-ఏ అనే జన్యువు సంపాదించుకున్న బ్యాక్టీరియా, ఆ మందులు సరిగా అతుక్కోలేని మరో ప్రోటీనును తయారుచేసుకుని గోడ పని కానిచ్చుకుంటుంది. అందుకే ఆక్సాసిల్లిన్ ఎదురుగా ‘ఆర్’ కనబడితే సెఫలెక్సిన్, సెఫ్‌పొడాక్సిమ్, అమాక్సిసిల్లిన్–క్లావులనేట్ వంటి ఆ వంశపు మందులన్నీ ఒక్కసారిగా చేయి జారిపోయినట్టే లెక్క. వాటిలో ఏదో ఒకదాని ఎదురుగా ‘ఎస్’ అని అచ్చయినా దానిని నమ్మి వాడకూడదు. దీనికి తోడు ఇటువంటి బ్యాక్టీరియా చాలాసార్లు ఎన్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, క్లిండమైసిన్ వంటి వేరే వంశాల మందులకు కూడా నిరోధకత కూడగట్టుకుని ఉంటుంది. మీ రిపోర్టులో ఇన్ని ‘ఆర్’లు ఉండడానికి కారణం ఇదే.

మీ వారు అడిగిన హై పవర్ మాత్ర గురించి చెబుతాను. యాంటీబయాటిక్‌లలో హై పవర్, లో పవర్ అనే వరుస లేదు. ఏ బ్యాక్టీరియాకు ఏది తగినది, ఏది తగనిది అన్న తేడా మాత్రమే ఉంది. ఉదాహరణకు సెఫిక్సిమ్‌ను మూడో తరం మందు అంటారు. ఆ మాట విని చాలామంది అది సెఫలెక్సిన్ కంటే బలమైనదని అనుకుంటారు, షాపుల్లో అలా చెప్పి ఇచ్చేవారూ ఉన్నారు. నిజానికి స్టాఫిలోకాకస్ మీద సెఫిక్సిమ్ పని అంతంత మాత్రమే, మొదటి తరానికి చెందిన సెఫలెక్సిన్ దానికంటే ఎంతో నయం. పైగా సెఫిక్సిమ్ వంటి మందులను మన దేశంలో 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్-1 కింద అమ్ముతున్నారు. అంటే డాక్టరు చీటీ ఉండాలి, చీటీ రాసినవారి వివరాలు, రోగి పేరు షాపులోని ప్రత్యేక రిజిస్టరులో ఎక్కాలి, ఆ రిజిస్టరును మూడేళ్ళు భద్రపరచాలి. పాత చీటీ చూపించగానే మందు చేతికి రావడం అక్కడ జరగవలసిన పద్ధతి కాదు. మిమ్మల్ని తప్పుపట్టాలని ఈ మాట రాయడం లేదు. రాత్రంతా కుక్క గోక్కుంటూ ఉంటే ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదని, మర్నాడు పొద్దున్నే దగ్గరున్న షాపుకు పరుగెత్తుతారని నాకు తెలుసు.

అయినా ఆ రెండు కోర్సుల లెక్క ఒకసారి మీ ముందు పెట్టక తప్పదు. కుక్క చర్మానికి సెఫలెక్సిన్ ఇచ్చేటప్పుడు కిలో బరువుకు కనీసం 15 మిల్లీగ్రాముల చొప్పున పూటకు ఇస్తారు. 32 కిలోలకు అది 480 మిల్లీగ్రాములు అవుతుంది. మీరు వేసింది పూటకు 250. అంటే కనీస మోతాదులో దాదాపు సగం, అదీ అయిదు రోజులే. ఆ కాస్త మందుకే పొక్కులు ఎండి పైకి బాగున్నట్టు కనబడ్డాయి. చర్మం మీద మాత్రం, సులువుగా చచ్చే బ్యాక్టీరియా చచ్చి, మందును కొంత తట్టుకోగలిగినవి మిగిలి, ఖాళీ అయిన చోటును అవే ఆక్రమించుకున్నాయి. (ఈ లెక్క మీరు సొంతంగా మందు వేసుకోవడానికి ఇచ్చినది కాదు, ఇప్పుడున్న బ్యాక్టీరియాకు సెఫలెక్సిన్ ఎంత వేసినా ఉపయోగం లేదు.) ‘వాడి ఒంటికి మందు అలవాటైపోయింది’ అని మనవాళ్ళు తరచుగా అంటారు. బ్రూనో ఒంటికి ఏదీ అలవాటు కాలేదు. మారినదల్లా ఆ ఒంటి మీద నివసించే బ్యాక్టీరియా. ఇందులో ఒక ఆశ కూడా ఉంది. యాంటీబయాటిక్‌ల ఒత్తిడి లేకుండా కొన్ని నెలలు గడిస్తే, లొంగే రకాలు మళ్ళీ వచ్చి చేరి, లొంగని రకం వెనక్కు తగ్గే కుక్కలు ఉన్నాయి. కొన్ని కుక్కలు మాత్రం పుండ్లు మానాక కూడా ఏడాది వరకు దానిని మోస్తూనే ఉంటాయి.

ఈ మాట రాస్తూ నా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి సంవత్సరాల్లో, దురదతో వచ్చిన ప్రతి కుక్కకూ ఒక స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి, వారం రోజుల యాంటీబయాటిక్ రాసి పంపేవాణ్ణి. బయట పదిమంది ఎదురుచూస్తున్నారన్న తొందరలో మైక్రోస్కోపు మీది గుడ్డ తీసేవాణ్ణి కాదు. అలా పంపిన కుక్కల్లో కొన్ని నెలకోసారి మళ్ళీ వచ్చేవి, నేను మందు పేరు మార్చి రాసేవాణ్ణి. ఆ కుక్కలు, వాటిని ఎత్తుకుని మెట్లెక్కి వచ్చిన మనుషులు ఇప్పటికీ నాకు గుర్తున్నారు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి అదీ ఒక కారణం.

మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఆపిన వాక్యం రిపోర్టు గురించినది కాదు. ‘పొక్కులు లేనప్పుడు కూడా పంజాలు నాకుతూనే ఉంటాడు’ అని మామూలుగా రాసి ముందుకు వెళ్ళిపోయారు చూడండి, అసలు రోగం ఆ వాక్యంలో ఉంది. బ్యాక్టీరియా లేని రోజుల్లో కూడా దురద ఉందంటే, దురద ముందు, బ్యాక్టీరియా తర్వాత అన్నమాట. రెండున్నరేళ్ళ వయసులో మొదలవడం, పంజాలు, చంకలు, పొట్ట, చెవులు ఎంచుకుని రావడం, జాతి లాబ్రడార్ కావడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకు మొదట అనుమానం వచ్చేది అటోపీ అనే అలర్జీ మీద. దుమ్ములోని నుసిపురుగులు, పుప్పొడి వంటివాటికి చర్మం అతిగా స్పందించే గుణం అది. అయితే ఆ పేరు పెట్టే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది పిడుదులు, ఫ్లీలు (వెంట్రుకల్లో గంతులేసే చిన్న పురుగులు). హైదరాబాదులో వాటిని చంపేటంత చలి ఏ నెలలోనూ పడదు కాబట్టి, వాటి మందును ఎండాకాలానికి పరిమితం చేయకుండా ఏడాది పొడవునా తప్పకుండా వేయాలి. రెండోది తిండి. బ్రూనో ఇంతవరకు ఎన్నడూ తినని ఒక మాంసంతోనో, అలర్జీ కుక్కల కోసం ప్రత్యేకంగా తయారుచేసే ఆహారంతోనో ఎనిమిది వారాలు గడపాలి. ఆ ఎనిమిది వారాల్లో బిస్కెట్టు ముక్క గాని, పాప చేతిలోంచి జారిన పెరుగన్నం గాని వాడి నోట్లో పడకూడదు. చెప్పడం తేలిక, మూడేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో చేయడం కష్టమని తెలిసే అడుగుతున్నాను.

ఈ రెండింటి తర్వాత కూడా దురద మిగిలితే అది అటోపీయే. అది పూర్తిగా పోయే జబ్బు కాదని ఇప్పుడే చెప్పడం మంచిది. కాని ఓక్లాసిటినిబ్ వంటి దురద మందులతో దానిని అదుపులో ఉంచవచ్చు, అలా ఉంచగలిగిన కుక్కల్లో చీము పొక్కులు రావడమే తగ్గిపోతుంది. ఏడాదిన్నరగా మనం చేసిన చికిత్స అంతా దురద వదిలిపెట్టి బ్యాక్టీరియా వెంట పడిన చికిత్స. నాలుగు కోర్సులు విఫలం కావడానికి మందుల లోపం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇప్పుడున్న పొక్కులకు ఏం చేయాలన్న ప్రశ్నకు వస్తే, మీరు రాసినదాన్నిబట్టి అవి చర్మం పైపొరకే పరిమితమైనవి. గడ్డలు కట్టి, రంధ్రాలు పడి రక్తం, చీము కారుతూ ఉంటేనే లోతైన పుండు అంటాము, అలాంటివి ఉన్నట్టు మీరు రాయలేదు. కుక్కల చీము పొక్కుల చికిత్స గురించి 2025లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు పైపొర పొక్కులకు ముందుగా వాడవలసినది పైపూత చికిత్సేనని, మాత్రలూ ఇంజెక్షన్లూ దానికి లొంగనప్పుడు, లేదా లోతైన పుండ్లు ఉన్నప్పుడు మాత్రమేనని చెబుతున్నాయి. మీ విషయంలో ఆ పైపూత క్లోర్‌హెక్సిడిన్ షాంపూ. యాంటీబయాటిక్‌ల దారి వేరు, దీని దారి వేరు. ఇది బ్యాక్టీరియా పైపొరనే చీల్చేస్తుంది, కాబట్టి మీ రిపోర్టులో ఎన్ని ‘ఆర్’లు ఉన్నా ఆ బ్యాక్టీరియా దీనికి చస్తుంది.

‘షాంపూ మేము కూడా వాడాము, ఏమీ కాలేదు’ అని మీరు అనవచ్చు. అన్నవాళ్ళందరినీ నేను అడిగే ప్రశ్న ఒకటే: నురగ ఎంతసేపు ఉంచారు? జవాబు దాదాపు ఎప్పుడూ ‘కడిగేసేంతసేపు’ అనే వస్తుంది. మందు పనిచేయడానికి పది నిమిషాలు కావాలి. ముందు మామూలు నీళ్ళతో ఒళ్ళంతా చర్మం దాకా తడపండి. పొక్కులు ఎక్కువగా ఉన్న చోట, అంటే పొట్ట, చంకలు, తొడల సందులతో మొదలుపెట్టి, తర్వాత వేళ్ళ సందుల్లో, గవద కింద, తోక మొదట్లో షాంపూ వేళ్ళతో పట్టించండి. మొత్తం పట్టించడం పూర్తయ్యాకే గడియారం చూసుకోండి. ఆ పది నిమిషాలూ ఎవరో ఒకరు పక్కన కూర్చుని వాడు నాక్కోకుండా కబుర్లు చెప్పాలి, ఆ పని పాపకూ వాళ్ళ నాన్నకూ అప్పగించవచ్చు, కాకపోతే పాప నురగ ముట్టుకోకూడదు. కళ్ళలోకి, చెవుల్లోకి ఈ షాంపూ పోకుండా చూడాలి. కంటికి హాని చేస్తుంది, కర్ణభేరి చిల్లు పడి ఉంటే లోపలి చెవికి హాని చేస్తుంది. తర్వాత జిడ్డు లేకుండా కడగాలి. వేడినీళ్ళు దురద పెంచుతాయి కాబట్టి చల్లటివో, గోరువెచ్చటివో చాలు. మామూలు సబ్బు దీనితో కలిపితే క్లోర్‌హెక్సిడిన్ శక్తి తగ్గుతుంది, అందువల్ల ‘ముందు సబ్బుతో మురికి వదిలించి’ అనే ఆలోచన వద్దు. వేపాకు నీళ్ళు పోయడంలో తప్పులేదు గాని, అది ఈ పని చేయదు. పసుపు రాస్తే పొక్కుల ఎరుపు కనబడక డాక్టరుగారి పని కష్టమవుతుంది.

ఇలా వారానికి రెండు మూడుసార్లు, మూడు నాలుగు వారాలు చేయాలి. స్నానం లేని రోజుల్లో క్లోర్‌హెక్సిడిన్ తడి తుడుపు గుడ్డలతో పంజాలు, పొట్ట తుడవవచ్చు. వర్షాకాలంలో ఇంకొక జాగ్రత్త ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్ళో తడిసిన కుక్క మధ్యాహ్నానికి గాని ఆరదు, కొన్నిరోజులు అసలే ఆరదు. లాబ్రడార్ ఒంటి మీద రెండు పొరల వెంట్రుకలు ఉంటాయి. పై పొర ఆరినట్టు తగిలినా, వేళ్ళతో పాయ తీసి చూస్తే లోపల చెమ్మ ఉంటుంది. పాత తువ్వాలుతో అద్ది, ఫ్యాను కింద కూర్చోబెట్టి, వేళ్ళ సందుల దాకా ఆరబెట్టాకే పక్క మీదికి వెళ్ళనివ్వండి. పొట్ట కింద వెంట్రుకలు పొట్టిగా కత్తిరిస్తే మందు చర్మానికి తగులుతుంది, త్వరగా ఆరుతుంది కూడా.

చెవి విషయం వేరుగా చూడాలి. మీ రిపోర్టు చర్మానిది, దానిని చూసి చెవికి మందు నిర్ణయించకూడదు. గోధుమరంగు గులిమి ఉన్నప్పుడు అక్కడ ఎక్కువగా పెరిగింది మలసీజియా అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్) అయి ఉండవచ్చు. ఇప్పుడు పసుపు పచ్చటి చీము, ముట్టుకోనివ్వనంత నొప్పి అంటున్నారంటే సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా వచ్చి చేరిందేమోనని నా అనుమానం. ఇది చాలా మందులకు పుట్టుకతోనే లొంగదు. లోపలికి వచ్చిన మందును బయటికి తోసేసే పంపులు దాని పొరలో ఉంటాయి. పైగా తన చుట్టూ జిగటగా ఒక పొర అల్లుకుని అందులో దాక్కుంటుంది. డాక్టరుగారు దూది పుల్ల మీద కొంచెం చీము తీసి, స్లైడు మీద దొర్లించి, రంగు వేసి చూస్తే పది నిమిషాల్లో సగం సంగతి తేలిపోతుంది. ఈస్ట్ అయితే కింది భాగం వెడల్పుగా ఉన్న వేరుశనగకాయలా కనబడుతుంది, స్టాఫిలోకాకస్ గుండ్రటి చుక్కల గుత్తిలా, సూడోమోనాస్ పొట్టి కడ్డీల్లా కనబడతాయి. కడ్డీలు కనబడితే చెవి చీమును కూడా ప్రయోగశాలకు పంపమని అడగండి.

ఆ రిపోర్టులో కూడా ‘ఆర్’లు చాలా వస్తే నిరాశపడకండి. ప్రయోగశాలవారు ‘ఆర్’, ‘ఎస్’ అని తేల్చేది మందు మింగినప్పుడో ఇంజెక్షను ఇచ్చినప్పుడో ఒంట్లో ఉండే మోతాదును లెక్కలోకి తీసుకుని. చెవిలో నేరుగా వేసే చుక్కల్లో మందు గాఢత దానికి కొన్ని వందల రెట్లు ఉంటుంది, కాబట్టి కాగితం మీద పనిచేయదన్న మందు చెవిలో పనిచేయవచ్చు. అయితే అది బ్యాక్టీరియా దాకా చేరాలి, చిక్కంతా అక్కడే ఉంది. కుక్క చెవి గొట్టం ముందు నిటారుగా కిందికి దిగి, ఆపైన లోపలికి మలుపు తిరుగుతుంది. ఆ మలుపు చీముతో నిండి, వాపుతో ఇరుకైపోయి ఉంటే, పైన వేసిన చుక్కలు పైనే ఉండిపోతాయి. జెంటామైసిన్ వంటి మందులు చీము తగిలితే శక్తి కోల్పోతాయి. అందువల్ల మొదటి పని వాపు తగ్గించడం, దానికి స్టిరాయిడ్ అవసరమవుతుంది, ఇక్కడ దానికి సరైన చోటు ఉంది. రెండో పని చెవి లోపల శుభ్రంగా కడగడం, నొప్పి అంత ఉన్నప్పుడు మత్తు ఇచ్చి చేయడమే మేలు. అప్పుడే కర్ణభేరి చెక్కుచెదరకుండా ఉందో లేదో కూడా చూడవచ్చు. అది చిల్లు పడి ఉంటే కొన్ని చుక్కల మందులు వినికిడిని పోగొట్టగలవు. ఆ తర్వాత ఇంట్లో ట్రిస్–ఈడీటీఏ అనే ద్రావణం వేసి పావుగంట ఆగి మందు చుక్కలు వేయమని చెప్పవచ్చు. ఆ ద్రావణం బ్యాక్టీరియా పొరను బలహీనపరిచి మందు లోపలికి పోయేటట్టు చేస్తుంది. బ్రూనో అంతటి కుక్కకు రెండు చుక్కలు ఏ మూలకూ చాలవు, ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో కొలిచి చూపించమని అడగండి. బడ్స్, వెల్లుల్లి కాచిన నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆ చెవి దగ్గరికి రాకూడదు. చెవి బాగైందని చెప్పవలసింది వాసన పోవడం కాదు, మళ్ళీ తీసిన స్లైడు. చెవి గొట్టం గట్టిపడి సున్నం పట్టేదాకా వదిలేస్తే, మొత్తం గొట్టాన్ని తీసేసే ఆపరేషన్ తప్ప మరో దారి ఉండదు. కాబట్టి చర్మం కంటే చెవిని తొందరగా చూపించండి, ఈ వారంలోనే.

అమికాసిన్ గురించి మీ డాక్టరుగారు ‘ఇవ్వవలసి రావచ్చు’ అన్నారే గాని ‘ఇస్తాను’ అనలేదు. ఆయన చీము పరీక్షకు పంపారు, అప్పుడే జాగ్రత్తగా ఆలోచించే మనిషని అర్థమైంది. ఆయన్ను మార్చకండి. షాంపూతో మూడు నాలుగు వారాలు ప్రయత్నించి చూద్దామా అని అడగండి. అమికాసిన్ మూత్రపిండాలకు, వినికిడికి హాని చేయగలదు, ఇవ్వవలసి వస్తే ముందూ మధ్యలోనూ రక్తం, మూత్రం పరీక్షలు చేయాలి. క్లోరాంఫెనికాల్‌ను ముట్టుకునే మనుషుల్లో అరుదుగా ఎముక మజ్జ దెబ్బతినే ప్రమాదం ఉంది, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో నేను దానిని ఎంచుకోను. రిఫాంపిసిన్ మన దేశంలో టీబీ రోగుల ప్రాణాధారం. పైపొర పొక్కుల కోసం దానిని వాడడానికి నా మనసు ఒప్పుకోదు. వాంకోమైసిన్, లైనెజోలిడ్ వంటి పేర్లు ఎవరైనా చెబితే వద్దనండి, అవి మనుషుల కోసం మిగుల్చుకోవలసినవి. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా. రెండో అభిప్రాయం కావాలని మీకూ మీ డాక్టరుగారికీ అనిపిస్తే నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల మీకు దగ్గర, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి కాస్త దూరం.

ఇంట్లోవాళ్ళ సంగతి. ఈ బ్యాక్టీరియా మనుషుల ముక్కులోకి, చర్మం మీదికి తాత్కాలికంగా చేరవచ్చు గాని, మనుషుల్లో జబ్బు కలిగించడం అరుదు. అరుదైన ఆ కేసులు వచ్చేది గాయాలున్నవారిలో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో. కాబట్టి మీ అత్తగారి విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి. కాలి పుండుకు ఎప్పుడూ కట్టు ఉండాలి, బ్రూనో దానిని నాకకూడదు, వాడి పుండ్లు మానేవరకు ఆమె పక్క మీద వాడు పడుకోకూడదు. వాడికి షాంపూ పట్టించే పని, చెవి మందు వేసే పని ఆమె చేయకూడదు. ఆమె కాలు చూసే డాక్టరుకు ఇంట్లో కుక్కకు ఇటువంటి బ్యాక్టీరియా ఉందని ఒక మాట చెప్పి, రిపోర్టు ఫోటో చూపించండి. పాప వాడితో ఆడుకోవచ్చు. ఆడాక, అన్నం తినేముందు చేతులు సబ్బుతో కడగాలి, ముఖం నాకనివ్వకూడదు. బ్రూనో పక్కబట్టలు వారానికి రెండుసార్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. నడకకు తీసుకెళ్ళడం మానవద్దు, పుండ్లు మానేదాకా వేరే కుక్కలతో ఒళ్ళూ ఒళ్ళూ రాసుకోనివ్వకుండా ఉంటే చాలు. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఫోను చేసి చెబితే, వాళ్ళు వేరే కుక్కలకు తగలకుండా చూసుకుంటారు.

చివరగా మిగిలిపోయిన మాత్రలు. గేటు దగ్గరి కుక్కకు వేయకండి. దానికి ఉన్నది నిజంగా గజ్జి అయితే అది బ్యాక్టీరియా వల్ల రాదు, చర్మంలో తొలుచుకుపోయే పురుగుల వల్ల వస్తుంది. సెఫలెక్సిన్ వాటిని ఏమీ చేయదు, దాని ఒంటి మీది బ్యాక్టీరియాను మాత్రం బ్రూనోకు జరిగినట్టే రాటుదేలుస్తుంది. చెవి అంచులు, మోచేతులు, మోకాళ్ళు కనబడేలా రెండు ఫోటోలు తీసి, దాని బరువు సుమారుగా ఎంత ఉంటుందో అంచనా వేసి మీ డాక్టరుగారికి చూపించండి. పిడుదుల కోసం బ్రూనోకు వేసే ఫ్లురలానర్, అఫాక్సోలానర్ వంటి మాత్రలే బరువుకు తగినట్టు ఇస్తే గజ్జి పురుగులను కూడా చంపుతాయి, అన్నంలో కలిపి పెట్టవచ్చు. గజ్జి మనుషులకూ కొన్నాళ్ళు దురద పెడుతుంది కాబట్టి పాపను దాని దగ్గరికి పోనివ్వకండి.

మాత్రలను సింకులో గాని టాయిలెట్‌లో గాని పారేయవద్దు. మన ఊరి పక్కనే పటాన్‌చెరులో, మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆ మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. కుక్కలకు ఇచ్చే ఎన్రోఫ్లాక్సాసిన్ కూడా ఒంట్లోకి వెళ్ళాక కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గానే మారుతుంది. మీ చేతిలో ఉన్న స్ట్రిప్పులు ఆ లెక్కలో ఇసుక రేణువంత అని తెలుసు, అయినా వాటికి వేరే దారి ఉన్నప్పుడు నీళ్ళలోకి ఎందుకు పోవాలి? 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాలు పశువైద్యశాలలకు కూడా వర్తిస్తాయి, పారేయవలసిన మందులు అక్కడ పసుపు రంగు సంచిలోకి వెళతాయి. ఈ వారం బ్రూనో చెవి చూపించడానికి వెళ్ళేటప్పుడు మాత్రలన్నీ ఒక కవరులో వేసి తీసుకెళ్ళి అక్కడ ఇవ్వండి. ఇచ్చేముందు ఒక్కొక్క స్ట్రిప్పు మీద మందు పేరు, ఎన్ని మాత్రలు వాడారు, ఎన్ని మిగిలాయి అన్నది డాక్టరుగారి చేత కేసు కాగితం మీద రాయించండి. రేపు నిజంగా మాత్ర వేయవలసిన అవసరం వస్తే ఆయన మొదట చూడవలసింది ఆ జాబితానే.